ఆరని తోలు

మా ఊరు కోంబ్‌వెల్‌లో తోలు ముంతలు చేసే ఉర్సులా పెల్ అంటే చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరు. భర్త పోయాక ఆయన పని తనే చేపట్టింది. ఎద్దుతోలు నానబెట్టి, కుట్టి, లోపల చెక్క అచ్చు బిగించి ఆరబెట్టేది. బాగా ఆరాక కరిగిన తేనెమైనంలో ముంచేది. తోలులోంచి బుడగలు రావడం ఆగితే మైనం లోపలిదాకా పట్టిందని లెక్క. అలాంటి ముంత చల్లారితే చెక్కలా గట్టిపడుతుంది, చుక్క కారదు.

ఒక ఏడు చర్చి కప్పు బాగుచేయించే డబ్బు కోసం ఊళ్లో బీరు విందు తలపెట్టారు. ఉర్సులాను ఇరవై ముంతలు చేయమన్నారు. తీరా చూస్తే వారమంతా ముసురు. చెయ్యి పెడితే తోలు ఇంకా చల్లగా తగులుతోంది. మరో మూడు రోజులు ఆగాలని ఆమెకు తెలుసు. విందు దగ్గరపడిపోవడంతో, తెలిసి తెలిసే మైనం కాచి ముంచేసింది.

విందు రోజు మధ్యాహ్నం, బీరు కాచిన మార్జరీ ముంతలన్నీ నింపి పంచింది. కాసేపటికే కుట్ల వెంట కారడం మొదలైంది. కొన్ని పట్టుకున్నచోటే సొట్టపోయాయి. నా ముంతలో సగం నా ఒళ్లోకే వచ్చింది.

"ఉర్సులక్కా, ఇవి ముంతలా, జల్లెడలా? బీరు గొంతులోకి పోకుండా లాగుల్లోకి పోతోందే!" అంది మార్జరీ.

అందరూ పగలబడి నవ్వారు. ఉర్సులా మొహం కందిపోయింది.

"నన్నంటారేం? మైనంలో కొవ్వు కలిపి అమ్మితే ముంత నిలుస్తుందా? జాబెజ్ తాతనడగండి!"

నవ్వులు ఆగిపోయాయి. తేనెటీగలు పెంచే ముసలి జాబెజ్ బల్ల చివరే కూర్చుని ఉన్నాడు. తన ముంతను ఇటూ అటూ తిప్పి, లోపల బొటనవేలితో నొక్కి చూశాడు. దాన్ని బల్లమీద పెట్టి, లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఉర్సులా ఒక ముంతను కోసింది. పైపైన మైనం, నడుమ తడి. కోయకముందే ఆమెకు తెలుసు.

వారం తిరగకుండానే చర్చివాళ్లు జాబెజ్ మైనపు వత్తులు వెనక్కి పంపేశారు. చెప్పులు కుట్టేవాడు ఆయన దగ్గర మైనం కొనడం మానేశాడు. జాబెజ్ ఎదురుపడితే ఉర్సులా సందు మారిపోయేది.

"ప్రతి ఆదివారం ఈసారి చెప్పేద్దామనుకునేదాన్ని. నోరు తెరవబోతే ఆ నవ్వులే వినబడేవి" అని తర్వాత నాతో అంది.

అలా ఆరు ఆదివారాలు గడిచాయి. ఒక సంత రోజు ఎవరో ఆడమనిషి జాబెజ్ మైనం ముద్దను గోటితో గీకి, వాసన చూసి, మూతి విరిచి వెళ్లిపోయింది. ఆయన ఆ గీతను బొటనవేలితో రుద్ది, ముద్దను మళ్లీ వరసలో పెట్టాడు. అది చూసిన ఉర్సులా పరుగున ఇంటికెళ్లి, కోసిన ముంత తెచ్చి సంత మధ్యలో నిలబడింది.

"ఈయన మైనం మంచిదే! నేనే తోలు ఆరకుండా ముంచాను. ఇదుగో, చూడండి. తప్పు నాది. ఈయనమీదికి నెట్టాను."

"ఆరు వారాలుగా నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంది మార్జరీ. ఈసారి నవ్వలేదు.

జాబెజ్ మైనం ముద్దల్ని సర్దుకుంటూనే అన్నాడు: "నాకా రోజే తెలుసమ్మా. లోపల మెత్తగా, చల్లగా తగిలింది."

"మరి అప్పుడే ఎందుకనలేదు తాతా?" అంది ఉర్సులా.

"అప్పటికే నిన్ను చూసి అంతమంది నవ్వారు. నేనూ ఒక మాటనడం ఎందుకులే, తెల్లారేసరికి నువ్వే చెబుతావనుకున్నా."

ఆమె తల ఇంక పైకి లేవలేదు.

ఉర్సులా ఇరవై ముంతలూ మళ్లీ చేసి ఇచ్చింది. జాబెజ్ దగ్గరికి కొనేవాళ్లు తిరిగి వచ్చారు, అందరూ కాదు. అంతకుముందు మైనం ఆయనే తెచ్చి, ఆమె పొయ్యి దగ్గర కాసేపు కూర్చుని వెళ్లేవాడు. ఆ తర్వాత గుమ్మం తొక్కలేదు. ఆమే కొండమీద ఆయన ఇంటికెళ్లి తెచ్చుకునేది. ఎండల గురించో తేనెటీగల గురించో బాగానే మాట్లాడేవాడు. మూడేళ్లకు చనిపోయేదాకా ఆ విషయం మాత్రం ఎత్తలేదు.

"ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది" అని ఉర్సులా నాతో చాలాసార్లు అంది.