సొంత ఆలోచనల రిహార్సల్

డెబ్బైల చివర, వరంగల్లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరిన రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. బస్సు ఆగకముందే దిగేవాడిని, టీ చల్లారకముందే తాగి నాలుక కాల్చుకునేవాడిని, ప్రశ్న అడిగి పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు కూడా నేనే చెప్పేసేవాడిని. నా ఖర్మ కొద్దీ ఆ ఏడాదే ట్రైనింగులో, "సూత్రాలు చెప్పకండి, పిల్లల్నే ఆలోచించనివ్వండి" అన్నారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూస్తారట, ఆయన బాగుందని రాస్తేనే నా టెంపరరీ ఉద్యోగం నిలుస్తుందట. పిల్లలు ఆలోచించేదాకా ఆగడం నావల్ల అయ్యే పనేనా? అందుకని త్రిభుజం కోణాల మీద 'సొంత ఆలోచనలు' నేనే రాసి, తొమ్మిదో తరగతికి వంతులవారీగా పంచి బట్టీ పట్టించాను. (ఇద్దరికి తప్పు ఆలోచనలు కూడా ఇచ్చాను, సహజంగా ఉండాలి కదా!)

తీరా ఇన్‌స్పెక్టరు గారు వచ్చి కూర్చున్న రోజు నేను ప్రశ్న అడగ్గానే మూడో బెంచీ పిల్ల లేచి, "సార్, నాకంటె ముందు చెప్పే పిల్ల ఇయ్యాల రాలే. ఆమె ఆలోచన గూడ నేనే చెప్పాల్నా?" అంది. ఇన్‌స్పెక్టరు గారు లేచి బోర్డు దగ్గరకు వచ్చారు. సుద్దముక్క అందుకుని, ఒక పక్క వెడల్పుగా, ఎదురు పక్క ఇరుకుగా ఉన్న పొలం గీసి, "దీని వైశాల్యం ఎట్ల తీస్తరు బిడ్డా?" అన్నారు. నేనింకా మొదలుపెట్టని పాఠం అది! పిల్లలంతా బోర్డు మీది పొలాన్నే చూస్తున్నారు. జవాబు చెప్పేద్దామని నా నాలుక ఒకటే దురద. నేను నోరు తెరిచినప్పుడల్లా ఆయన, "జర ఆగుండ్రి సార్" అంటున్నారు.

చివరికి వెనక బెంచీలోంచి, హాస్టల్లో ఉండి చదివే తొర్రూరు పిల్ల లేచింది. "మా మడి గిట్లనే ఉంటది సార్. గసొంటిదే ఇంకోటి ఉల్టా తిప్పి పక్కన పెడితే, రెండు దిక్కులు ఒక్క తీరుగైతయి. మొత్తం లెక్కగట్టి అండ్ల సగం తీస్తే సరి."

"శభాష్! నేను నేర్పిందే సార్!" ఆగలేక అరిచేశాను.

"లే సార్," అంది ఆ పిల్ల అమాయకంగా. "మీరు నాకు తప్పు చెప్పే వంతిచ్చిన్రు."

ఇన్‌స్పెక్టరు గారు కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. కానీ రిజిస్టరులో ఆయన, "టీచరు మాట్లాడని నాలుగు నిమిషాలూ పాఠం చాలా బాగా సాగింది. వీరిని కొనసాగించవచ్చు" అని రాశారు. ఆ పిల్లకు తప్పు వంతు ఇచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. రిటైరయ్యేదాకా ఎంత ప్రయత్నించినా, ఆ నాలుగు నిమిషాల్ని ఐదు చేయడం మాత్రం నావల్ల కాలేదు.