వడియాల మీద రాని వాన

మొన్న మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో, నా ఫోనూ మావారి ఫోనూ ఒక్కసారే గుయ్యిమని మొత్తుకున్నాయి. కాసేపట్లో మీ ప్రాంతంలో ఉరుములు మెరుపులతో వాన పడుతుంది, జాగ్రత్తగా ఉండండి అని ప్రభుత్వంవాళ్ల సందేశం. నేను లేచి బాల్కనీలోకి పరుగెత్తి తీగ మీద బట్టలన్నీ లాగేశాను. మావారు పడక్కుర్చీలోంచి కదల్లేదు. గంట గడిచినా చినుకు లేదు. ఎండ ఇంకాస్త చురుగ్గా కాసింది. ఆయన ఫోన్ని బల్ల మీదకి గిరాటేసి, "దీనికి పనీపాటా లేదు, బంగారంలాంటి నిద్ర చెడగొట్టింది" అన్నారు. "తిట్టకండి. కేకేసినవాళ్లని తిట్టకూడదు" అన్నాను. ఆయన నా వంక అదోలా చూశారు. ఇన్నేళ్లు కాపరం చేసినా ఆయనకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు తట్టింది. ఆయనకి చెప్పాక, రాసి కూడా పెట్టాలనిపించింది.

ఎనభైల మొదట్లో పదో తరగతి పాసై ఇంటర్ చదవడానికి గుంటూరు వచ్చాను. మాది చిలకలూరిపేట దాటాక రోడ్డు మీంచి బాగా లోపలికి వెళ్లాల్సిన ఊరు. నల్లరేగడి, పత్తి, మిరప. వానాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. ఆ ఊళ్లో నాకున్న ఐశ్వర్యం పంచాయతీ ఆఫీసు పక్కన ఒంటిగది గ్రంథాలయం. పదో తరగతి అయ్యేలోపే అందులో ఉన్నవన్నీ చదివేశాను. పశువుల రోగాల పుస్తకం కూడా వదల్లేదు. మా గేదెకి పొదుగు వాస్తే దాని రోగం పేరు డాక్టరుకన్నా ముందు నేనే చెప్పాను. నాన్న శ్రద్ధగా విని, వెళ్లి డాక్టర్నే పిలుచుకొచ్చాడు. అలాంటి చదువుతో బస్సెక్కిన నాకు పట్నం అంటే బెదురు లేదు. పట్నంలో పక్కింటివాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరనీ, ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారనీ, అలా ఉండటమే మర్యాద అనీ పుస్తకాల్లో చదివి, వెళ్లకముందే సర్దుకుపోయాననుకున్నాను.

బ్రాడీపేటలో నాన్నకి అక్క, అంటే మా మేనత్త, అద్దెకుండేది. నాలుగు వాటాల ఇల్లు. ఇంటి యజమానురాలు ఒక పెద్దావిడ. భర్త పౌరోహిత్యం చేసేవారు, పోయారు. పిల్లలు ఎక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు. అందరూ ఆవిణ్ణి మామ్మగారు అనేవాళ్లు. మడి, ఆచారం, నోరు, మూడూ గట్టివే. నాన్న నన్ను దింపి వెళ్తూ అత్తయ్య ముందే ఒక మాట అన్నాడు. "అక్క ఇంట్లో ఉన్నన్నాళ్లూ చదువు. హాస్టళ్లూ గదులూ నా వల్ల గాదు. ఇక్కడ ఇబ్బందైతే ఇంటికొచ్చెయ్యటమే." నా చదువు మొత్తం ఆ నాలుగు వాటాల ఇంట్లో ఒక చాప మీద ఆధారపడి ఉందన్నమాట.

మొదటి రోజే తెలిసింది, నేను చదివిన పుస్తకాలేవీ నా గొంతు గురించి చెప్పలేదని. మా ఊళ్లో ఈ చేలో వాళ్లు ఆ చేలో వాళ్లతో మాట్లాడుకుంటారు, మధ్యలో ఎకరాల దూరం. అక్కడ పెరిగిన గొంతు నాది. పెరట్లోంచి "అత్తయ్యా, చెంబెక్కడుందీ?" అని అడిగితే నాలుగు వాటాలవాళ్లూ బయటికొచ్చారు. మామ్మగారు కిటికీలోంచే, "ఏమే పిల్లా, ఇది పొలం గట్టా? చెంబు పోతే పోయింది, నా చెవులుండనీ" అన్నారు. అత్తయ్య మొహం చిన్నబోయింది. ఆ రోజు నుంచి నేను గుసగుసల్లోకి దిగాను. ఎంత దిగానంటే కాలేజీలో కూడా అదే అలవాటైపోయింది. పాఠం మీద ప్రశ్న అడిగితే నాకు జవాబు తెలుసు, చెప్పేదాన్ని కూడా, మొదటి బెంచీకే వినపడేది కాదు. లెక్చరరు గారు, "కూర్చో అమ్మా, తెలియకపోతే తెలియదని చెప్పాలి" అనేవారు. ఇంట్లో గొంతు ఎక్కువ, కాలేజీలో తక్కువ. మధ్యలో నాకు సరిపోయే చోటు ఒకటే దొరికింది, పెద్ద గ్రంథాలయం. అక్కడ అందరూ గుసగుసలే. సాయంత్రాలు అక్కడే గడిపేదాన్ని. ఆ రోజుల్లోనే వాతావరణం మీద బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. మబ్బుల్లో రకాలు, వాటి పేర్లు, ఏది వట్టి మబ్బు, ఏది వానమబ్బు, అన్నీ బట్టీ పట్టాను. పైన కమ్మరి దాగలిలా, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మలా, పరుచుకున్న మబ్బు కనిపిస్తే గట్టి వాన ఖాయమని అందులో ఉంది.

మాఘమాసం వచ్చేసరికి నాకు ఇంటి మీద బెంగ ముదిరింది. మిరప లారీలు రాత్రీ పగలూ యార్డుకి వచ్చే కాలం అది. గాలి అటు నుంచి తిరిగితే బస్సులో అమ్మాయిలందరూ తుమ్ములే తుమ్ములు. నేను మాత్రం కిటికీ పక్కన చేరి గుండెల నిండా పీల్చుకునేదాన్ని. ఆ ఘాటులో మా కల్లం కనిపించేది. కోసిన మిరపకాయల్ని నేల మీద పరిచి ఎండబెట్టే చోటే కల్లం. ఊరి బయట అందరి కల్లాలూ పక్కపక్కనే ఉంటాయి, కనుచూపుమేర ఎర్రగా. ఏడాది కష్టమంతా అక్కడ ఆరుతూ ఉంటుంది. చినుకు పడితే కాయ మచ్చలు పడి సగం ధరకి కూడా పోదు. అందుకని మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. మబ్బుని ముందు చూసినవాళ్లు, పిల్లలైనా సరే, గొంతు చించుకుని కేకెయ్యాలి. కేక వినపడ్డవాళ్లంతా వచ్చి, ఎవరి కల్లమని చూడకుండా, ముందు కనపడ్డదాన్ని కుప్పకి లాగి పట్టా కప్పాలి. పగవాడి కల్లమైనా సరే. పగ సంగతి వాన వెలిశాక చూసుకుంటారు.

ఆ రోజు కాలేజీకి సెలవు. నాన్న ముందురోజు రాత్రే మిరపలోడుతో యార్డుకి వచ్చాడని కబురొచ్చింది. పని ముగించుకుని సాయంత్రం అత్తయ్య ఇంటికి వస్తాడు. మధ్యాహ్నం బట్టలారేయడానికి డాబా ఎక్కాను. మామ్మగారు తెల్లవారుజామునే మడిగా రుబ్బి పెట్టిన గుమ్మడి వడియాలు పాత ధోవతుల మీద బారులు తీరి ఉన్నాయి. అవి ఏడాదికి సరిపడా. వాటి దరిదాపుల్లోకి ఎవరూ పోకూడదు. నేను తల పక్కకి తిప్పుకునే నడుస్తున్నాను. అలా తిప్పిన వైపే, పిడుగురాళ్ల దిక్కున, మబ్బు లేచింది. నల్లగా, కింద సన్నగా, పైన అచ్చం దాగలిలా. పుస్తకంలో బొమ్మకి ప్రాణం వచ్చినట్టుంది. గాలి కూడా లేచి దుమ్ము రేపింది. తరవాత నేను ఆలోచించి చేసిందంటూ ఏమీ లేదు. ఇన్నాళ్లు అదిమిపెట్టిన గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"వానో! వానొస్తందో! రండో!"

వీధిలో రిక్షా ఆగింది. వాటాల్లోంచి జనం మెట్లమీదకి ఉరికారు. గెడ్డానికి సబ్బు నురగతో ఒకాయన, చేతిలో గరిటెతో ఒకావిడ, వెనకాల అత్తయ్య. అందరూ నిప్పంటుకుందనుకున్నారట. వాళ్లొచ్చేలోపు నేను మా ఊరిపని మొదలుపెట్టేశాను. ధోవతి నాలుగు కొసలూ పట్టుకుని, మిరపకాయల్ని లాగినట్టే మధ్యకి ఒక్క లాగు లాగాను. ఒకటి అయ్యాక రెండోది. అన్నీ కుప్ప చేసి పైన అత్తయ్య ఆరేసిన దుప్పటి కప్పాను. అప్పుడు తల ఎత్తి చూశాను. మబ్బు మా డాబా మీద కాసేపు నిలబడి, ఏమీ ఎరగనట్టు పొన్నూరు వైపు వెళ్లిపోయింది. ఎండ కాసింది. గెడ్డం మీద నురగ ఆరిపోయిన ఆయన, "ఏదీ వాన?" అన్నాడు.

మోకాళ్ల నొప్పులతో మామ్మగారు అందరికన్నా చివర వచ్చారు. దుప్పటి తీశారు. మిరపకాయల్ని కుప్ప చేస్తే మళ్లీ పరుచుకోవచ్చు. పొద్దున పెట్టిన పచ్చి వడియాలని కుప్ప చేస్తే మిగిలేది ఒక పిండిముద్ద. ధోవతులు మడతలు మడతలుగా అందులో అతుక్కుపోయి ఉన్నాయి. పైగా మడి మంట గలిసింది. ఆవిడ తిట్టలేదు. తిట్టకపోవడం చూసే నాకు భయం వేసింది. చివరికి అత్తయ్యతో, "సాయంత్రం మీ తమ్ముడు వస్తాడన్నావుగా. రానీ. ఆయనతోనే మాట్లాడతాను" అని మెట్లు దిగిపోయారు.

నేను కిందికొచ్చి నా రేకు పెట్టె సర్దుకున్నాను. గ్రంథాలయం పుస్తకాలు రెండూ విడిగా కిటికీలో పెట్టాను, అవి ఊరికి తీసుకుపోవడానికి లేదు కదా. అందులో మబ్బుల పుస్తకం ఒకటి. దాని మీద కోపం రాలేదు కానీ అట్ట కనపడకుండా బోర్లా పెట్టాను. అత్తయ్య మాత్రం ఆ పిండిముద్ద పారెయ్యలేక ధోవతుల మీంచి గీరి, మామ్మగారిని అడిగి, కాస్త ఉల్లిపాయ కలిపి పునుగులు వెయ్యడం మొదలుపెట్టింది. నా చదువు అయిపోతున్న వేళ ఇల్లంతా కమ్మటి వాసన. అదొక అన్యాయం.

పొద్దుగూకుతుండగా నాన్న వచ్చాడు. చొక్కా మడతల్లో ఎర్రటి దుమ్ము. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే వాకిట్లో ఉన్నవాళ్లంతా వరసగా తుమ్మారు. సంగతి విని ముందు నా వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? వడియాలకీ మిరపకాయలకీ తేడా తెలీదా నీకు?" తరవాత అరుగు మీద కూర్చున్న మామ్మగారికి దణ్ణం పెట్టి, "మీకు ఇబ్బందొద్దమ్మా. పిల్లని తీసుకుపోతా. పెట్టె సర్దుకునే ఉంది" అన్నాడు. అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నువ్వుండు నాయనా" అన్నారు మామ్మగారు. "ఏమే పిల్లా, ఇలా రా. డాబా మీద మీ అత్తయ్యది ఒక్క దుప్పటేగా ఉంది. అది తీసుకుని దిగొచ్చు. ఊరందర్నీ ఎందుకు పిలిచావు?"

గుసగుసగా ఏదో అన్నాను. "వినపడటంలా" అన్నారు. ఎలాగూ పోయేదాన్నే కదా అనుకుని గొంతు విప్పాను. "మా ఊళ్లో ఎవరివని చూడమండీ. మబ్బు చూసినవాళ్లు కేకెయ్యాలి. అందరూ వచ్చి లాగాలి. వాన రాకపోతే కేకేసినవాళ్లని తిట్టకూడదు. తిడితే ఈసారి నిజంగా వాన వచ్చినప్పుడు ఎవ్వరూ నోరెత్తరు!"

ఆ చివరి మాట వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. నాన్న తల దించుకున్నాడు. మామ్మగారు నా వంక కాకుండా వాటాలవాళ్ల వంక చూశారు. "నిరుడు మాగాయ ముక్కలు డాబా మీద నీళ్లల్లో తేలాయి. అప్పుడు నాకు జ్వరం, లోపల పడుకుని ఉన్నాను. నాలుగు వాటాల్లోనూ మనుషులున్నారు. ముట్టుకోడానికి మడి అడ్డం వచ్చిందన్నారు, సరే. చెప్పడానికేం అడ్డం వచ్చింది?"

గరిటెతో డాబా ఎక్కొచ్చిన ఆవిడ చీర చెంగు సర్దుకుంది.

"ఇదొక్కత్తే అరిచింది" అన్నారు మామ్మగారు. నా వైపు తిరిగి వేలు చూపించారు. "విను. ఈసారి ముట్టుకోకు. కేకెయ్యి. తీసుకోడం నేను చూసుకుంటాను. ఇంకోటి, ఆ గుసగుసలు మానెయ్. నువ్వు ఇంట్లో తిరుగుతూ పెదాలు కదుపుతుంటే, నాకు చెముడొచ్చిందేమోనని ఆర్నెల్లుగా బెంగపెట్టుకున్నాను."

ముందు నవ్వింది నురగ గెడ్డం ఆయన. తరవాత అందరూ. నాన్న అయోమయంగా అందర్నీ చూసి, పెట్టె ఎత్తాలో వద్దో తెలియక నిలబడితే, అత్తయ్య పునుగుల పళ్లెం ఆయన చేతిలో పెట్టి, "కూర్చోరా, తిను" అంది. ఆయన ఒకటి నోట్లో వేసుకుని నమిలి, చాలాసేపు ఆలోచించి, "ఉప్పు సరిపోయింది" అన్నాడు. ఆయన భాషలో అది ఒప్పుకోలు. మడి పోయినవి కాబట్టి మామ్మగారు ముట్టలేదు కానీ, ఎవరు ఎన్ని తిన్నారో అరుగు మీంచి చూస్తూనే ఉన్నారు. నాన్న వెళ్లాక నేను పెట్టె విప్పి బట్టలు మళ్లీ దండెం మీద వేసుకుంటుంటే, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రాత్రే మొదటిసారి ఆ పట్నంలో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

తరవాత వారమే మామ్మగారు మళ్లీ వడియాలు పెట్టారు. వాటిని ముట్టుకునే దూరంలోకి పోలేదు కానీ, డాబా కాపలా నాది. ఆకాశంలో తెల్లటి దూదిపింజ కనపడినా ఆవిడ కింద నుంచి, "ఏమ్మాయ్, ఇది పుస్తకం మబ్బా, నిజం మబ్బా?" అని అడిగేవారు. నేను పైనుంచి గొంతెత్తి చెప్పేదాన్ని. అప్పుడప్పుడూ తప్పు చెప్పేదాన్ని. ఎవరూ తిట్టలేదు. కాలేజీలో కూడా జవాబులు చివరి బెంచీదాకా వినపడటం మొదలైంది. ఇంటర్ అక్కడే పూర్తయింది, డిగ్రీ కూడా అక్కడే.

ఇదంతా విని మావారు, బల్ల మీద పడేసిన ఫోన్ని తీసి చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నారు. నేను లాగేసిన బట్టలు మళ్లీ తీగ మీద వేశాను. అప్పుడు ఆ డాబా మీదకి రావలసిన వాన రానే లేదు, ఆ ఇల్లూ ఇప్పుడు లేదు. కానీ నా కేకకి పలికినవాళ్లు మాత్రం, నురగ గెడ్డంతో ఒకాయన, గరిటెతో ఒకావిడ, అందరి వెనకా మోకాళ్లు పట్టుకుంటూ మామ్మగారు, ఇన్నేళ్లయినా ఇంకా ఆ మెట్లెక్కి వస్తూనే ఉన్నారు.