నల్లచుక్క యాడ్ ఏందో తెలుసుకోబోయి

మొన్న ఫైనల్ మ్యాచ్‌ల ఆఖరి ఓవర్ మీరందరు చూసే ఉంటరు. మా నారాయణఖేడ్‌ల మాత్రం ఒక ఫంక్షన్ హాలు నిండ జనం తెర ముంగట కూసొని కూడ గా ఓవర్ చూడలే. ఎందుకు చూడలేదో నన్నే అడుగుండ్రి. వేరేటోల్లను అడిగితే జర కారం ఎక్కువేసి చెప్తరు.

నా సంగతి మీకు ఎర్కనే. బస్టాండ్ కాడ టీవీలు, డిష్‌లు బాగుచేసే దుకాణం నాది. పదహారేండ్ల సంది గదే పని. మనూర్, కంగ్టి నుంచి టీవీలను చద్దర్ల చుట్టి, ఆటోల ఒడిల పెట్టుకొని తెస్తరు. సంగమేశ్ చెయ్యి పడితే చచ్చిన టీవీ కూడ మాట్లాడతదని ఒక పేరున్నది. గా పేరును నేనే ఎట్ల ముంచుకున్ననో చెప్తున్న.

సెమీఫైనల్ నాడు మొదలైంది కథ. బక్కన్న చాయ్ హోటల్ల మ్యాచ్ చూస్తున్నం. ఓవర్ అయిపోంగనే ఒక యాడ్ వచ్చింది. తెరంత తెల్లగ, నడిమిట్ల ఆవగింజంత నల్ల చుక్క. పాట లేదు, మాట లేదు, హీరో లేడు. బక్కన్న భుజం మీది టవల్ తీసి, ఈగ వాలిందనుకొని తెర తుడువబోయిండు. పది సెకన్లు గా చుక్క అట్లనే ఉన్నది. తర్వాత కింద ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ గుర్తు, దాని పక్కన "ఫైనల్‌లో చెప్తాం" అని రెండు ముక్కలు. అంతే, మల్ల మ్యాచ్.

"గిదేం యాడ్ అన్న, ఏం అమ్ముతుండ్రు వీల్లు?" అన్నడు బక్కన్న.

మూలకు మాణిక్‌రావు సార్ కూసున్నడు. రిటైర్ అయిన లెక్కల సారు. నాకు పదో తరగతిల చెప్పిండు, ఇప్పటికి నన్ను పిల్లగాన్ని చూసినట్టే చూస్తడు. సారు చాయ్ కప్పు కింద పెట్టి అన్నడు: "మ్యాచ్ నడుమ జాగ దొరుకుడంటే మాటలు కాదు. గంత జాగ తీసుకొని ఏం చెప్పకుండ పోయిండ్రంటే, చెప్పేది చాన పెద్దదన్న ఉండాలె, అస్సలే లేకన్న ఉండాలె."

ఇగ చూడుండ్రి, గా దినం సంది ఊర్ల ఇదే ముచ్చట. బక్కన్న ఏమంటడు, గ్యాస్ బండ అయిపోయే ముందు చెప్పే మిషన్ కావచ్చు అంటడు. మనూర్ నుంచి వచ్చిన ఒక రైతు, కందిచేన్ల పురుగు వడ్డదా లేదా చూసే కెమెరా అన్నడు. గా చుక్కనే పురుగంట. ఇంటికి పోయి నా భార్య సుజాతను అడిగిన. సర్కారు బడిల టీచర్ ఆమె, ఏ ముచ్చటకైన ఒక్క మాటల జవాబిస్తది. "మీతోని గిట్ల వారం రోజులు మాట్లాడిపిచ్చుడే వాల్ల యాడ్" అన్నది. నాకు నచ్చలే. గంత పెద్ద కంపెనీ గింత చిన్న పని చేస్తదా?

నా లెక్క వేరే. గా చుక్కనే ఫోన్ అని నాకు తట్టింది. తెర లేని ఫోన్. చెవి ఎనుక బొట్టు లెక్క పెట్టుకుంటే సాలు, మాటలతోనే అన్ని పనులు చేస్తది. మొదటి దినం "కావచ్చు" అని చెప్పిన. రెండో దినం "అదే" అని చెప్పిన. మూడో దినానికి కంపెనీ వాల్లు నాకే ఫోన్ చేసి చెప్పినట్టు చెప్పుడు షురూ చేసిన. ఒకాయన దుకాణానికి వచ్చి, "సంగమేశన్న, మా బిడ్డకు ఫోన్ కొందామనుకుంటున్న, కొనాల్నా, ఆగాల్నా" అని అడిగిండు. "ఆగు" అన్న. ఆగిండు పాపం.

గని లోపల లోపల నాకు కూడ ఒకటే గుబులు. నిజంగ ఏమై ఉంటది? గా యాడ్‌ను ఫోన్ల మెల్లగ నడిపించుకుంట చూసిన. చుక్క కదులుతుందేమో అని కాయిదం పెట్టి కొలిచిన. సుజాత చూసి, "బడిపిల్లలు నయం" అని పోయింది.

గప్పుడే కర్ణాటక దిక్కున్న నాగల్‌గిద్ద నుంచి శివప్ప ఫోన్ చేసిండు, డిష్‌కు సిగ్నల్ వస్తలేదని. వేరే దినాలల్ల అయితే, నాగల్‌గిద్ద అంటే రెండు దినాలు ఆగి, ఇంకో రెండు పనులు జమ చేసుకొని పోతా. గా దినం ఫోన్ పెట్టంగనే బండి తీసిన. ఎందుకంటే శివప్ప ఇంట్ల మ్యాచ్ కన్నడంల చూస్తరు. కన్నడం యాడ్‌ల ఒక్క మాట ఎక్కువ చెప్పిండ్రేమో అని నా ఆశ.

వైరు ఊడింది, ఐదు నిమిషాల పని. చేసి, చెప్పులు కూడ తొడుక్కోకుండ లోపల కూసున్న. హైలైట్లు నడుస్తున్నయి. శివప్పకు అర్థం కాలే నేనెందుకు పోతలేనో. వాల్లింటామె పాపం, ఆకలి మీదున్నడనుకొని జొన్నరొట్టె, పప్పు పెట్టింది. రెండో రొట్టె మీద ఉండంగ వచ్చింది యాడ్. అదే తెలుపు, అదే చుక్క, కింద కన్నడం అక్షరాలు.

"శివప్పా, జల్దీ చదువు" అన్న.

"ఫైనల్‌నల్లి హేళ్తీవి" అని చదివిండు.

"అంటే?"

"ఫైనల్‌ల చెప్తరంట."

కడుపు నిండింది గని తల ఖాళీగనే వాపస్ వచ్చిన.

ఇగ ఫైనల్ దినం. ఫంక్షన్ హాలు నడిపే రవీందర్ నా దోస్తు. ముహూర్తాలు లేవు, హాలు ఊకెనే ఉన్నది, పెద్ద తెర కట్టి అందరికి చూపిద్దాం అన్నడు. ప్రొజెక్టర్ వాందే, పెండ్లిలల్ల ఫోటోలు చూపించేది. నడిపే పని నాది. పగటి మ్యాచ్. పొద్దుగాలనే పోయి తెల్ల బట్ట కట్టి, స్టూలు మీద ప్రొజెక్టర్ పెట్టి, సెట్‌టాప్ బాక్స్, సౌండ్ పెట్టె అన్ని ఒకే బోర్డుకు తగిలించిన. రెండు సార్లు చూసుకున్న, అంత బరాబర్ ఉన్నది.

జనం చాన వచ్చిండ్రు. కంగ్టి దిక్కు నుంచి షేర్ ఆటోల కూడ వచ్చిండ్రు. మ్యాచ్ షురూ అయ్యే ముందు నేను మైక్ పట్టుకున్న. ఎవరు పట్టుకోమన్నరు అంటే ఎవరు అనలే. "నడుమ చుక్క యాడ్ వస్తది. గప్పుడు ఎవరు లేవొద్దు, మాట్లాడొద్దు. తెర లేని ఫోన్ చూపిస్తరు, మీరే చూస్తరు" అని చెప్పిన. ముంగటి వరుసల మాణిక్‌రావు సార్ నవ్విండు. "చూద్దాం రా సంగమేశా. నాకైతే సున్నా కనపడుతున్నది" అన్నడు.

నిజం చెప్తున్న, గా మ్యాచ్ నేను చూడలే. ఓవర్ ఎప్పుడయితదా, యాడ్ ఎప్పుడొస్తదా అనే చూసిన. సిమెంట్ వచ్చింది, బిస్కెట్ వచ్చింది, బనియన్ వచ్చింది. చుక్క రాలే. పక్కనోడు సిక్సర్ అని ఎగిరి నా భుజం మీద కొడితే, "ఇంకెన్ని బంతులున్నయి ఓవర్‌ల" అని అడిగిన. వాడు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిండు.

మ్యాచ్ ఆఖరి ఓవర్‌కు వచ్చింది. మనోల్లకు ఆరు బంతులల్ల తొమ్మిది పరుగులు కావాలె. సరిగ్గ గప్పుడు యాడ్. తెర తెల్లగ అయింది. నడిమిట్ల చుక్క.

"వచ్చింది" అని నేను గుసగుస పెట్టిన. నిజంగనే ఒక్కరు మాట్లాడలే.

చుక్క ఈసారి పెరుగుడు పెట్టింది. ఆవగింజ కందిగింజంత అయింది, కందిగింజ రొట్టెంత అయింది. ఇంక పెరిగి పెరిగి తెరంత నల్లగ అయిపోయింది. సౌండ్ లేదు. బొమ్మ లేదు. నలుపు. అంతే.

ఒక సెకను చూసిన. రెండు చూసిన. మూడో సెకనుకు నా చేతులు ఆగలే. పదహారేండ్ల సంది నల్ల తెర అంటే నాకు తెలిసింది ఒక్కటే, చెడిపోయిందని. ఎనుక నుంచి ఎవరో "కరెంట్ పోయింది" అన్నరు. సారు ముంగటి నుంచి, "ఫ్యాన్లు తిరుగుతున్నయి రా, జర ఆగు" అన్నడు. నాకు వినపడ్డది. వినపడ్డది గని గప్పటికే ప్రొజెక్టర్ ఎనుక వైరు నా చేతిల ఉన్నది.

వైరు పీకంగనే తెర నీలంగ అయి, "సిగ్నల్ లేదు" అని వచ్చింది. "చూసిండ్రా, సిగ్నల్ పోయింది" అని అందరికి చెప్పిన. పీకింది నేనే అని గప్పుడు యాదికి రాలే. వైరు మల్ల పెట్టిన, పరేషాన్ల సరిగ్గ కూసోలే. ఇగ లాభం లేదని బోర్డు స్విచ్ బంద్ చేసి మల్ల వేసిన. అన్ని ఒక్కసారే బందయి, అన్ని ఒక్కసారే మొదటి నుంచి మొదలైనయి.

ప్రొజెక్టర్ సంగతి మీకు తెలుసో లేదో. వేడి మీద ఉన్నదాన్ని గట్ల బంద్ చేస్తే, అది సల్లవడేదాక వెలగదు. లోపల పంఖా గుర్రుమంటది, ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటది. నాకు ఇది తెలుసు. ఊరోల్లకు చెప్పేదే నేను. సెట్‌టాప్ బాక్స్ ఏమో "దయచేసి వేచి ఉండండి" అంటున్నది. హాలంత నా దిక్కు చూస్తున్నది. అందరు ఫోన్లు తీసిండ్రు గని, గంత మంది ఒక్కసారే తీస్తే నెట్ ఏడ దొరుకుతది, అందరి ఫోన్లల్ల గుండ్రంగ తిరుగుడే.

బయట ఇండ్లల్ల నుంచి ఒక కేక వినపడ్డది. తర్వాత గప్‌చుప్. మల్ల ఒక కేక. హాలుల ఉన్నోల్లు చెవులు రిక్కించి గోడల దిక్కు చూస్తున్నరు. తర్వాత బజార్ల పటాకులు పేలినయి. మనం గెలిచినమని మా హాలుకు పటాకులు చెప్పినయి.

తెర మీద బొమ్మ వచ్చేసరికి ఆటగాల్లు ఒకల్లనొకల్లు అలుముకుంటుండ్రు.

నన్ను ఏమేం అన్నరో అన్ని చెప్పను. రవీందర్ నా దిక్కు చూడకుండ కుర్చీలు సర్దుకుంట పోయిండు, గదే నాకు మంచిగనిపియ్యలే. కంగ్టి దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం నా కాడికి వచ్చి, కోపం లేకుండ, "మా ఇంట్ల చిన్న టీవీ ఉండె బిడ్డా" అన్నడు. అని ఆటో దిక్కు పోయిండు. మిగిలిన తిట్లన్ని ఒక దిక్కు, గా మాట ఒక దిక్కు.

గంత అయినా నా బుద్ధి చూడుండ్రి. హాలు ఎనుకకు పోయి సుజాతకు ఫోన్ చేసిన. ఇంట్ల పరీక్ష పేపర్లు దిద్దుకుంట టీవీ పెట్టుకున్నదని తెలుసు.

"చుక్క యాడ్ చూసినవా?"

"చూసిన."

"ఏమొచ్చింది?"

"మీ కాడ రాలేదా?"

"నువ్వు ముందుగాల చెప్పు."

"చుక్క పెద్దగయి టీవీ అంత నల్లగయింది. కొద్దిసేపటికి తెల్లటి అక్షరాలు వచ్చినయి. 'మీ టీవీ బాగానే ఉంది, దయచేసి ఏ వైరూ పీకకండి' అని." సుజాతకు అనుమానం వచ్చింది. "నువ్వు గిట్ల పీకలేదు కదా?"

నేను ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చిన. ఆమెకు సమజయింది. ఫోన్ల నవ్వు వినపడ్డది, చానసేపు వినపడ్డది.

"ఇంతకు ఏం అమ్ముతుండ్రు వాల్లు?" అని అడిగిన, ఇజ్జత్ పోతే పోయింది, సంగతన్న తెలువాలె కదా.

"ఫోన్‌ల వచ్చేది ఏదో. ఇంట్ల సామాన్ చెడిపోతే కెమెరా పెట్టి చూపిస్తే సాలంట. ఏం చెడిపోయిందో, ఏం చెయ్యాల్నో అదే చెప్తదంట. మెకానిక్ అక్కర లేదంట."

ఇగ నేను గోడకు ఆనుకున్న. వారం రోజులు ఊరంత తిరిగి, నా దుకాణం మూయించేదాని గురించి నేనే మైకుల ప్రచారం చేసిన అన్నమాట.

తెల్లారి రవీందర్ ప్రొజెక్టర్ తెచ్చి నా బల్ల మీద పెట్టిండు. "నువ్వు ముట్టినంక అంత పసుపుపచ్చగ కనపడుతున్నది. నిన్నటి సంది పెండ్లి ఫోటోలు పెట్టి చూస్తున్న, పిల్ల పిల్లగాడు ఇద్దరికి కామెర్లు వచ్చినట్టున్నది. నువ్వే బాగుచెయ్" అని పోయిండు. విప్పిన, తుడిచిన, మల్ల బిగించిన. రెండు దినాలు కూసున్న. పసుపు పోలే.

మూడో దినం పగటీలి, బజార్ల ఎవరు లేని టైం చూసి షట్టర్ సగం దించిన. గా కంపెనీదే, గా చుక్కదే, ఫోన్‌ల ఎక్కించుకున్న. ఒకటి కాదు రెండు కాదు, పదహారేండ్ల అనుభవం ఉన్నోన్ని, సిగ్గేసింది గని ఏం చేస్తా. ప్రొజెక్టర్ ముంగట కెమెరా పెట్టిన.

మంచి తెలుగుల, చాన మర్యాదగ అడిగింది అది. "చూస్తున్నాను. ఈ సమస్య రాకముందు, యంత్రం వేడిగా ఉండగా ఎవరైనా కరెంటు ఒక్కసారిగా ఆపేశారా?"

నేను అటిటు చూసిన. ఎవరు లేరు. "లేదు" అన్న.

"వైర్లు ఏమైనా పీకారా?"

"ఎవరు ముట్టుకోలే" అన్న.

కెమెరా ఇంకో దిక్కు తిప్పమన్నది, తిప్పిన. తర్వాత, "అయితే దీనికి కారణం నాకు తెలియడం లేదు. మీకు దగ్గరలో అనుభవజ్ఞుడైన ఒక మెకానిక్ ఉన్నారు, ఆయన్ని పిలవండి" అని చెప్పి, తెర మీద నా దుకాణం పేరు, నా నంబరే చూపించింది.

పిలుద్దామా అని జరసేపు ఆలోచన చేసిన. గని గాయన మీద నాకు నమ్మకం లేదు.