లక్ష్మీరాజం రాక్ కచేరీ

లక్ష్మీరాజం తన చేతికి కట్టిన కాగితపు పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. డెబ్బై ఏళ్ల బతుకులో ఇలాంటి పట్టీ ఆయన చేతికి పడింది ఒక్కసారే, అదీ మోకాలి నొప్పికి దవాఖానలో చేరినప్పుడు.

"గిది ఎందుకు పోచవ్వా, మనం పారిపోతమనా?"

"గీ పట్టీ ఉంటెనే లోపటికి రానిస్తరట. పీకకు అన్నా," అంది పోచవ్వ. ఎదురింట్లో ఉండే పోచవ్వ నలభై ఏళ్లు ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి. చప్పుడు ఎక్కువైతే చెవుల్లో పెట్టుకోవడానికి రెండు దూది ఉండలు కూడా కొంగున కట్టుకొచ్చింది.

సిద్దిపేట కాలేజీ మైదానంలో ఆ సాయంత్రం రాక్ కచేరీ. హైదరాబాదు నుంచి 'పిడుగు' అనే బ్యాండు వచ్చింది. ఆ పెద్దవాళ్లు వేదిక ఎక్కేముందు రెండు చిన్న బ్యాండ్లు వాయించాలి. అందులో మొదటిది మన ఊరి పిల్లలదే, పేరు 'కంకర రోడ్డు'. దాంట్లో డ్రమ్స్ వాయించేది లక్ష్మీరాజం మనవరాలు హర్షిణి. కొడుకూ కోడలూ బొంబాయి దగ్గర భివండిలో పనిలో ఉంటే, పిల్ల తాత దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. చదువుతోందని తాత నమ్మకం.

ఆయన పాటలు వినడానికి వచ్చాడనుకుంటే పొరపాటే. పంచాయితీ తేల్చడానికి వచ్చాడు. కంకర రోడ్డు వాళ్లు ఇన్నాళ్లూ ఒక మిల్లు గోదాములో వాయించుకునేవారు. వడ్లు వచ్చే కాలమైంది కాబట్టి సోమవారంకల్లా ఖాళీ చేయమన్నారు. డ్రమ్ములు పట్టేంత జాగ ఇంట్లో ఒక్కటే ఉంది, మగ్గం గది. మోకాళ్లు మొరాయించి ఆయన మగ్గం దిగి రెండేళ్లయింది. అయినా రోజూ పొద్దున లేచి దాని దుమ్ము దులుపుతాడు. హర్షిణి ఆ గది అడిగేసరికి ఇంతెత్తున లేచాడు.

"మగ్గం తీసి గా జాగల లొల్లి వెట్టాల్నా?"

"లొల్లి కాదు తాతా. ఒక్కపారి వచ్చి సూడు. సూసినంక కూడ లొల్లే అన్నవనుకో, మల్ల అడుగ. డ్రమ్ములు అమ్మేస్త."

ఆ చివరి మాట దగ్గరే ముసలాయన మెత్తబడ్డాడు. మెత్తబడినట్టు కనబడితే మర్యాద పోతుంది కదా, అందుకని గొంతు పెంచి, "సరే. అది పని అయితే జాగ ఇస్త. లొల్లి అయితే ఇయ్య," అన్నాడు.

లక్ష్మీరాజం దృష్టిలో లోకంలో రెండే రకాల చప్పుళ్లున్నాయి, ఒకటి పని, రెండోది లొల్లి. గొల్లభామ చీరలు నేసిన మనిషి ఆయన. తలమీద కుండ పెట్టుకున్న భామలు చీర మీద వరసగా నడవాలంటే ప్రతి పోగూ తన చోటనే పడాలి. మగ్గం చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా ఆయనకు తెలిసిపోయేది. ఆయనకే కాదు, నేతగాళ్ల వాడ మొత్తానికీ తెలిసేది. ఎవరి మగ్గమైనా టక్కున ఆగితే పక్కింటి నుంచో ఎదురింటి నుంచో "పోగు తెగిందా?" అని కేక వచ్చేది. "అతుకుతున్న!" అని జవాబు వస్తే ఎవరి పని వాళ్లు చేసుకునేవారు. రాకపోతే మాత్రం ఉరికి రావాల్సిందే. ఒక ఎండాకాలం లక్ష్మీరాజం వడదెబ్బ తగిలి మగ్గం మీదే ఒరిగిపోతే, జవాబు రాలేదని పోచవ్వ పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్లు కొట్టి బతికించింది. వాడలో ఒక్కో మగ్గమే ఆగుతూ వచ్చి చివరికి ఆయనది మిగిలింది. అదీ ఆగాక అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు.

ఆరింటికన్న కార్యక్రమం ఆరింటికే మొదలుకావడం లక్ష్మీరాజం పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. గిటార్లు ఒక్కసారిగా అరిచేసరికి పోచవ్వ దూది ఉండలు రెండూ తన చెవుల్లోనే కుక్కుకుంది. "నాకేవి?" అని ఆయన చేయి చాపాడు కానీ ఆమెకు వినబడితే కదా!

మొదటి పాటకు ఆయన మొహం చింతకాయ కొరికినట్టు ఉంది. పాడే అమ్మాయి సింధుజ ఏమంటోందో అర్థం కాలేదు. గిటారు పట్టిన శైలేందర్ ఎందుకు ఎగురుతున్నాడో అసలే అర్థం కాలేదు. రెండో పాటకు చూపు మనవరాలి మీద నిలిచింది. మూడో పాటకు ఆమె కాళ్ల మీదికి దిగింది, ఇక అక్కడి నుంచి కదల్లేదు.

రెండు కాళ్ల కింద రెండు తొక్కుడు పలకలు, అచ్చం మగ్గానికి ఉన్నట్టే. నడుము నిటారుగా ఉంది. చేతుల పని చేతులదే, కాళ్ల పని కాళ్లదే, పిల్ల కిందికి చూడటమే లేదు. లక్ష్మీరాజం పోచవ్వ చెవిలోని దూది పీకాడు.

"దాని కాళ్లు సూడు! కిందికి సూడకుంటనే తొక్కుతుంది!"

"మీ ఇంటి కాళ్లే కదా," అంది పోచవ్వ.

అంతలో శైలేందర్ ఉషారు ఎక్కువై పాటను ముందుకు ఉరికించాడు. హర్షిణి అతని వైపు ఒక్క చూపు చూసి, దెబ్బ కాస్త బరువు చేసి, మెల్లమెల్లగా అతణ్ని దారిలోకి లాక్కొచ్చింది. మైదానంలో ఇంకెవరూ గమనించలేదు. లక్ష్మీరాజం మాత్రం "పట్టుకున్నది! ఇడువలే!" అని తొడ చరుచుకుని, మోకాళ్ల సంగతే మరిచి లేచి నిలబడ్డాడు. ఆయన మనసు పొంగిపోయింది. ఇంట్లో బియ్యం డబ్బా మీద చెంచాలతో కొట్టి తిట్లు తిన్న పిల్ల ఇది!

ఆఖరి పాట అన్నిటికన్నా జోరుగా సాగింది. ముందున్న కుర్రకారంతా చేతులెత్తి ఊగుతున్నారు. సరిగ్గా అప్పుడే డ్రమ్ములు టక్కున ఆగాయి. గిటార్లు ఆగాయి. దీపాలు ఆరిపోయాయి. నెల రోజులు సాధన చేసి మరీ ఆపారు. అలా ఆపడం పాటలో భాగమని అందరికీ తెలుసు. వేలమంది ఊపిరి బిగబట్టారు.

లక్ష్మీరాజానికి తెలియదు. నలభై ఏళ్ల అలవాటు ఆయన గొంతులోంచి దానంతటదే బయటికి వచ్చింది.

"పోగు తెగిందా, బిడ్డా?"

ఆ నిశ్శబ్దంలో ఆ కేక మైదానం ఆ చివరిదాకా వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ పోయింది. ముసలాయనకు తల కొట్టేసినట్టయింది. పిల్ల పరువు తీశానే అని కుర్చీలో కూలబడ్డాడు.

చీకట్లో మైకు గరగరమంది.

"అతుకుతున్న తాతా!"

ఆ వెంటనే డ్రమ్ముల మీద దెబ్బ పడింది, దీపాలు భగ్గుమన్నాయి, మైదానం మైదానమే లేచి గంతులేసింది. ఆ జవాబు ఎంత పాతదో ఎరిగిన నేతగాళ్ల ఇళ్ల పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. వాళ్లు ఈలలు ఆపలేదు. పోచవ్వ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. లక్ష్మీరాజం తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

తర్వాత వరంగల్ నుంచి వచ్చిన బ్యాండు వాయించింది. ఆ తర్వాత పిడుగు వాళ్లు ఎక్కారు. వాళ్లు పాట మధ్యలో ఆపడమే ఆలస్యం, జనమంతా ఒక్క గొంతుతో "పోగు తెగిందా?" అని అరిచారు. హైదరాబాదు గాయకుడు బిక్కమొహం వేశాడు. ముందు వరసలోని పిల్లలు జవాబు నేర్పితే, రెండోసారి ఆపినప్పుడు ఆయనా "అతుకుతున్నం!" అని అరిచి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు తాత దారిలో ఆటో ఆపించాడు. మిరపకాయ బజ్జీలు కొనిపించి, ఇంటికొచ్చి నాలుగు తిని, పడుకున్నాడు.

పొద్దున ఆమె లేచేసరికి శైలేందర్, లక్ష్మీరాజం కలిసి మగ్గం విప్పుతున్నారు. ఒక్కో కర్రనూ తడిమి, గుడ్డలో చుట్టి, గోడవారగా పేర్చాడు ముసలాయన. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట మీద టేకు పలకలు పరిచి కాలితో తన్ని చూశాడు.

"డ్రమ్ములు గీడ వెట్టు. కింద గుంట ఉన్నది, చప్పుడు మంచిగ లేస్తది."

"అయితే లొల్లి కాదా తాతా?"

"పనే," అన్నాడు లక్ష్మీరాజం. "కొంచెం లొల్లి ఉన్న పని."

మధ్యాహ్నానికి డ్రమ్ములు వచ్చాయి. హర్షిణి స్టూలు మీద కూర్చుని పావుగంట వాయించింది. వాడ కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మధ్యలో చెమట తుడుచుకుందామని టక్కున ఆపింది.

ఎదురింటి నుంచి కేక వచ్చింది, పోచవ్వది. "పోగు తెగిందా?"

రెండేళ్ల తర్వాత ఆ గుమ్మంలోకి వచ్చిన కేక అది. హర్షిణి అలవాటుగా తాత వైపు చూసింది. గోడకు ఆనుకుని కూర్చున్న లక్ష్మీరాజం కదల్లేదు.

"నా దిక్కు ఎందుకు సూస్తవ్? అడుగుతున్నది నిన్నే," అన్నాడు.