చింతపండుతో తోమిన రెండు సెంట్లు

ఆ రోజుల్లో నాకు తెలిసింది తక్కువ, తెలుసుననుకున్నది ఎక్కువ. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని మొండితనంతో పూడ్చుకునేదాన్ని. పామర్‌స్టన్ నార్త్ అనే విదేశీ ఊళ్లో ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తూ, ఒంగోలు నుంచి వచ్చిన ఒక నర్సక్కతో కలిసి ఫ్లాట్‌లో ఉండేదాన్ని. ఊరు చదునుగా ఉంటుంది, సైకిలుకు మంచిదని అందరూ చెప్పారు గానీ గాలి గురించి ఒక్కరూ చెప్పలేదు. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడూ ఎదురుగాలే (అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు). అందుకే పక్కింటాయన అమ్మకానికి పెట్టిన పాత ఎర్ర కారు మీద కన్నేశాను. చేతిలో డబ్బు లేదు, డ్రైవింగ్ అసలే రాదు. అయినా శనివారం దాకా ఎవరికీ ఇవ్వొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

నాకు ఆ ధైర్యం ఇచ్చింది ఒక నాణెం. అక్కడి ప్రభుత్వం పెద్ద నాణేలు తీసేసి చిన్నవి తెచ్చిన ఏడాది అది. ఎవరి నోట విన్నా నాణేల మాటే. సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్న కోటు జేబు చిరిగి ఉంటే, లోపలి గుడ్డలోంచి రెండు సెంట్ల బిళ్ల ఒకటి బయటపడింది. నేను ఈ దేశానికి రాకముందే చెల్లకుండా పోయిన బిళ్ల. అరిగి నల్లబడింది, అంచున ఎవరో కొరికినట్టు నెలవంక ఆకారంలో ఒక ముక్క లేదు. "పారెయ్యవే, చెల్లదు," అంది అక్క. నేను లైబ్రరీకి వెళ్లి నాణేల మీద ఇంత లావు పుస్తకం తెచ్చాను. నాణేలు ముద్రించే టంకశాలలో రేకులోంచి బిళ్లలు కోసేటప్పుడు రేకు సరిగ్గా జరగకపోతే, ముందు కోసిన చిల్లు మీదే కత్తెర పడి బిళ్ల ఇలా కొరత పడుతుందట. అలాంటివి అరుదట. ఎవరైనా ఆకురాయితో అరగదీసి మోసం చేశారేమో తెలుసుకోవాలంటే, కొరికిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడాలట. టంకశాలలో పుట్టిన తప్పయితే అక్కడ అంచు సరిగ్గా లేవదు. చూశాను. లేవలేదు! "అక్కా, అసలైనదే!" అని అరిచాను. అక్క కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది. "నాకు అన్ని వైపులా అరిగిపోయినట్టే ఉందే," అంది. నాకు ఒళ్లు మండింది. "శనివారం సాయంత్రం నిన్ను ఆ కారులో తిప్పుతా, చూడు." "నడిపేదెవరే?" "నువ్వే!"

ఊళ్లో నాణేలు పోగుచేసేవాళ్ల క్లబ్బు ఒకటి ఉంది, శనివారాలు ఒక హాల్లో కలుస్తారు. ఆ శనివారం పొద్దున నాకో ఆలోచన వచ్చింది. పెళ్లిచూపులకు పిల్లని ముఖం కడగకుండా కూర్చోబెడతామా? చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, దేవుడి దీపాలు తోమినంత శ్రద్ధగా తోమాను. బిళ్ల మీది రాణిగారి ముఖం కళకళలాడిపోయింది. (ఆ పుస్తకంలో 'చేయకూడని పనులు' అని ఒక అధ్యాయం ఉంది. నాకు చేయాల్సినవే బోలెడు ఉన్నాయని దాన్ని చదవలేదు.)

హాల్లో భూతద్దం పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. అందరూ నిర్ణయం ఆయనకే వదిలేస్తారని చెప్పారు. రుమాలు విప్పాను. ఆయన ముఖం ఎవరో పోయిన కబురు విన్నట్టు అయిపోయింది. చాలాసేపు కొరికిన చోటు చూశాడు, తిప్పి ఎదురు అంచు చూశాడు. "ఇది టంకశాల తప్పే, అమ్మాయీ. నువ్వు సరిగ్గానే పట్టావు," అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. నేను కుర్చీలోంచి లేచినంత పనిచేశాను. "కానీ దీన్ని ఏం చేశావు?" చెప్పాను. చింతపండంటే ఏమిటో కూడా చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఆ నలుపు రావడానికి నీ వయసుకన్నా ఎక్కువ కాలం పట్టింది. కొనేవాళ్లు దాన్నే చూస్తారు. మెరిసే పాత నాణేన్ని ఎవరూ ముట్టుకోరు."

"తోమకపోతే కారు వచ్చేదా?"

"తెలుసుకోకపోతేనే మంచిది."

నేను వదిలే రకమా! చెప్పేదాకా కదలనన్నాను.

"కారు ఎప్పటికీ రాదు, తల్లీ. రెండు టైర్లు వచ్చేవేమో."

"మరి ఇప్పుడు?"

"టైర్లలో గాలి," అన్నాడాయన. పెట్రోలు బంకుల్లో గాలి ఊరికే కొడతారన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

తిరుగు దారంతా ఏడుస్తూ తొక్కాను. కారు పోయినందుకు కాదు. ఇల్లు చేరగానే అక్క ముందు నిలబడాలి, అదీ నా ఏడుపు. సందు మొదట్లో దిగి, ముక్కు తుడుచుకుని, తల ఎత్తుకుని లోపలికి వెళ్లాను. "అసలైనదేనట," అన్నాను బిళ్ల చూపించి. అది అబద్ధం కాదు కదా. అక్క నోరు తెరిచింది. "మరి అమ్మలేదేమే? కారో?" "మనసు రాలేదక్కా," అన్నాను. అక్క నన్ను కొత్తగా చూసింది. ఆ సాయంత్రమే పక్కింటాయనకు కారు వద్దని నా తరఫున తనే చెప్పి వచ్చింది, ఎంతో గర్వంగా.

ఇన్నేళ్ల తర్వాత కూడా నలుగురు కలిసినచోట అక్క ఆ కథే చెప్తుంది. "చేతికొచ్చిన కారు వదులుకుంది, కానీ ఆ నాణెం అమ్మలేదు. డబ్బంటే లెక్కలేని మనిషి," అంటుంది. పిల్లలు నన్ను చూసి "వావ్ ఆంటీ!" అంటారు. నేను తల వంచుకుని నవ్వుతాను, దాన్ని వాళ్లు వినయం అనుకుంటారు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ నా గురించి ఇంత మంచిగా చెప్పుకునే కథ మరొకటి లేదు.