కార్డు పెట్టి దిగుండ్రి

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, ఎండలు ముదిరిన రోజుల్లో, నన్ను మహబూబ్‌నగర్ డిపోకు ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పేరు విని చాలామంది పోలీసు ఉద్యోగం అనుకునేవారు. కాదు. బస్సులు వేళకు నడుస్తున్నాయా, టికెట్లు సరిగా ఇస్తున్నారా, ఏ దారిలో ఎంత జనం ఎక్కుతున్నారు అని చూసే పని. కండక్టర్లకు పైన, డిపో మేనేజరుకు కింద.

చేరిన వారంలోనే మేనేజరు నా చేతిలో ఒక ఉత్తర్వు పెట్టాడు. పట్టణ బస్సుల్లో కాగితపు టికెట్లే ఉంచాలా, స్మార్ట్‌కార్డులకు మారాలా అని తేల్చడానికి మా ప్రధాన కార్యాలయం నెల రోజుల ప్రయోగం తలపెట్టింది. రైల్వేస్టేషన్ నుంచి బస్టాండు, పెద్ద దవాఖాన మీదుగా ఊరి చివరి కాలనీ దాకా ఒకే దారిలో రెండు బస్సులు తిప్పాలి. ఒకదాంట్లో మామూలు టికెట్లు, రెండోదాంట్లో కార్డులు. నెల చివర నేను నివేదిక రాయాలి. అందులో నేను తప్పక జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటుంది: కార్డు బస్సును కండక్టరు లేకుండా నడపవచ్చా?

నేను మొదటి నుంచీ కార్డు పక్షమే. కొత్తకోట దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చర్చి బడిలో చదువుకుని, కండక్టరుగా ఉద్యోగంలో చేరినదాన్ని. పదేళ్లకు పైగా చిల్లర కోసం జనంతో గొడవపడ్డాను. ఇంటికెళ్లి అన్నం తింటుంటే వేళ్లకు నాణేల వాసన వచ్చేది. ఆ బాధ లేని రోజు కళ్లముందుకు వస్తుంటే, అది గెలవాలని కోరుకోకుండా ఎలా ఉంటాను?

కార్డు బస్సుకు రెండు తలుపుల దగ్గరా రెండు చిన్న పెట్టెలు బిగించారు. ఎక్కేటప్పుడు కార్డు పెడితే పచ్చ దీపం వెలిగి ఒకసారి ‘టుంగ్’మంటుంది. దిగేటప్పుడు పెడితే రెండుసార్లు. ఎక్కిన చోటుకూ దిగిన చోటుకూ మధ్య ఎన్ని స్టేజీలో, అంటే ఛార్జీ మారే హద్దులు ఎన్ని దాటారో, పెట్టె దానంతటదే చూసుకుని డబ్బు తీసుకుంటుంది. దిగేటప్పుడు పెట్టడం మరిచిపోతే చివరి స్టేజీ దాకా ప్రయాణం చేసినట్టే కోసేస్తుంది.

మొదటి మూడు రోజులు ఊరికి పిచ్చెక్కింది. పని లేనివాళ్లు కూడా ఆ చప్పుడు వినడానికి బస్సెక్కారు. ఒక పెద్దాయన రేషన్ కార్డు పెట్టి, అది మోగకపోతే పెట్టెను తిట్టాడు. ఆకుకూరలు అమ్మే నర్సమ్మవ్వ కార్డుకు రంధ్రం పొడిచి, దారం కట్టి మెడలో వేసుకుంది. ఆ రంధ్రంతో కార్డు చచ్చిపోతే మేమే కొత్తది ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాం, ఈసారి కవరుకు దారం కట్టుకుంది. దాన్ని పెట్టెకు తాకించి కళ్లకద్దుకుని మరీ కూర్చునేది. వెనక ఖాళీగా టికెట్ల బస్సు వస్తున్నా జనం ఎక్కేవారు కాదు, కార్డు బస్సు కోసం నిలబడేవారు. నేను డిపోలో తల ఎత్తుకుని తిరిగాను.

నాలుగో రోజు నుంచి పరుగులు మొదలయ్యాయి. ఎక్కేటప్పుడు చప్పుడు కోసం అందరికీ గుర్తుండేది. దిగేటప్పుడు ఎవరి తొందర వాళ్లది. బస్సు కదిలాక గుర్తొచ్చేది. ఇక చెయ్యెత్తి కార్డు చూపిస్తూ బస్సు వెంట పరుగు! డ్రైవరు యాదయ్య మెత్తని మనిషి. అద్దంలో చూసి ఆపేవాడు. వాళ్లు రొప్పుతూ వచ్చి కార్డు పెడితే ‘టుంగ్ టుంగ్’. లోపలున్నవాళ్లు చప్పట్లు కొట్టేవారు. రెండో వారానికి గడియారం చౌరస్తాలో టీ తాగేవాళ్లు ఈ పరుగుల కోసమే రెండో టీ చెప్పేవారని విన్నాను.

అయినా మూడో వారానికి పరుగులు బాగా తగ్గాయి. జనానికి అలవాటైందని సంతోషపడి నివేదికలో ఆ మాటే రాసుకున్నాను. ఒక మధ్యాహ్నం స్వయంగా బస్సెక్కి కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది.

ఆ బస్సులో సహాయానికి బాలమణి అనే కండక్టరును ఉంచాం. టికెట్ మిషన్ లేదు, సంచీ లేదు. ఊరికే నిలబడి చూసుకోవాలి, అంతే. కానీ జనం పరుగులు చూడలేక ఆమె ప్రతి స్టేజీ రాకముందే గొంతెత్తడం మొదలుపెట్టింది. “దవాఖాన వస్తాంది! కార్డు పెట్టి దిగుండ్రి! ఓ ఎర్రంగీ అన్నా, నువ్వే, కార్డు తియ్యి! అవ్వా, మెడల నుంచి తియ్యకు, గట్లనే ఒంగు!” నర్సమ్మవ్వ వంగి, మెడలో కార్డు మెడలోనే ఉండగా ‘టుంగ్ టుంగ్’ అనిపించి దిగింది. బస్సంతా నవ్వు.

బాలమణిది మగ్గం నేసే ఇల్లు. భర్త ఇంట్లో చీరలు నేస్తాడు, పిల్లలు ఇంకా చిన్నబడిలో ఉన్నారు. టౌన్ డ్యూటీ కాబట్టి పొద్దు గుంకకముందే ఇల్లు చేరుతుంది. కార్డు గెలిస్తే ఈ దారిలో కండక్టరు ఉండదు. ఆమెను దూరపు బస్సుల మీద వేస్తారు, వారంలో సగం రోజులు పరాయి ఊళ్లలోనే పడక. ఇదంతా ఆమెకు తెలుసు. ఆమె ఎంత బాగా అరిస్తే పెట్టె అంత బాగా పనిచేసినట్టు నా కాగితంలో పడుతోంది. చివరి స్టాపులో ఆమెను పక్కకు పిలిచి, ఇది తెలిసీ ఎందుకు అరుస్తున్నావని అడిగాను.

“ఏం జెయ్యమంటరు మేడం? మరిచిపోతే వాళ్ల పైసలు ఉత్తగనే పోతయి. నా ముంగటనే పోతుంటే నోరు మూస్కొని ఎట్ల నిలబడాలె?”

ఆ సాయంత్రం నివేదికలోని ‘జనానికి అలవాటైంది’ అన్న వాక్యం కొట్టేశాను. నేను ఇష్టపడ్డ కార్డు నిజంగా ఎలా పనిచేస్తుందో నాకింకా తెలియదని అర్థమైంది.

నెల చివర ప్రధాన కార్యాలయం నుంచి పెద్ద సారు ఒకాయన ప్రయోగం చూడటానికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట మెత్తన. కండక్టరు లేకుండా ఒక ట్రిప్పు వేద్దామని నేనే అన్నాను. బాలమణిని బస్టాండులో దించేశాం. “నేను లేకుంటే ఏమైతదో నాక్కూడ చూడాలనుంది మేడం,” అంది నవ్వి. “గని దవాఖాన కాడ జర పైలం.”

దవాఖాన స్టాపులో పది మంది దాకా దిగారు. ఒక్కరూ కార్డు పెట్టలేదు. వాళ్లకు చెప్పడానికి నేనూ దిగాను. నేను అక్కడే ఆగిపోతానని అనుకున్నాడేమో, యాదయ్య తలుపు వేసి బస్సు కదిలించాడు.

“అయ్యో, నా కార్డు!” అని నర్సమ్మవ్వ గంప నెత్తిన పెట్టుకునే పరుగు తీసింది. ఆమె వెనక టిఫిన్ క్యారియర్‌తో ఒకామె, ఎక్స్‌రే కవరు రెపరెపలాడిస్తూ ఒకాయన, ఆ వెనక అందరూ. నేను నిలబడి చూస్తున్నాను. అవ్వ వెనక్కి తిరిగి కేకేసింది: “నువ్వేంది బిడ్డా గట్ల నిలబడ్డవ్? నీ కార్డు సుత కోస్తది, ఉరుకు!”

నిజమే. ఎక్కేటప్పుడు నేనూ కార్డు పెట్టాను. ఖాకీ కోటుతో, యాభై దాటిన మోకాళ్లతో పరుగెత్తాను. పది అడుగులు వేశానో లేదో, లోపలి నుంచి నవ్వు తన్నుకొచ్చింది. నన్ను చూసి టిఫిన్ క్యారియర్ ఆమె నవ్వింది, ఆమెను చూసి ఎక్స్‌రే ఆయన. రోడ్డు పక్క పండ్ల బండ్లవాళ్లు ఈలలు వేశారు. నవ్వుతూ పరుగెత్తితే ఊపిరాడదు. ఆగుదామంటే నవ్వు ఆగదు. అద్దంలో ఇన్‌స్పెక్టరే పరుగెత్తుకు రావడం చూసి యాదయ్య ఏదో ప్రమాదం జరిగిందనుకుని గట్టిగా బ్రేకు వేశాడు.

తలుపు తెరుచుకునేసరికి మెట్టు మీద పెద్ద సారు నిలబడి ఉన్నాడు. కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు. అందరి చేతుల్లోంచీ కార్డులు ఒక్కొక్కటిగా అందుకుని తానే పెట్టెకు తాకించి తిరిగిచ్చాడు. నన్ను చెయ్యి పట్టి పైకి లాగాడు. ఆ తర్వాత ఆయన సీట్లో కూర్చోలేదు. ప్రతి స్టేజీకీ తలుపు దగ్గర నిలబడి, “దయచేసి కార్డు పెట్టి దిగండి,” అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

“సారూ, గంత మెల్లగంటే ఎవరింటరు?” అని ఒక మేస్త్రీ ఆయనకు నేర్పాడు. “గట్టిగ అనుండ్రి.”

చివరి కాలనీ చేరేసరికి సారు గొంతు చించుకుని “కార్డు పెట్టి దిగుండ్రి!” అంటున్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, మనిషి మాత్రం జాతరలో తిరిగొచ్చినట్టున్నాడు.

తిరిగి బస్టాండుకు వచ్చాక, బొంగురు పోయిన గొంతుతో బాలమణిని అడిగాడు, నెల రోజులూ నువ్విలా అరిచావా అని.

“నెలేంది సార్, పన్నెండేండ్ల సంది అరుస్తున్న,” అంది ఆమె. “గప్పుడు టికెట్ టికెట్, గిప్పుడు కార్డు కార్డు. గంతే ఫరక్.”

ఆ వారంలో నివేదిక పంపాను. కార్డు మంచిదే, దిగేటప్పుడు పెట్టే పద్ధతి మంచిది కాదు, ఎక్కేటప్పుడే ఛార్జీ తీసుకోవాలి అని రాశాను. కార్డు లేనివాళ్లకు కాగితం టికెట్ ఉండాలని, రెంటినీ చూసుకోవడానికి కండక్టరు ఉండాలని రాశాను. బాలమణి పేరు రాసి, ఆమె అరిచిన రోజుల లెక్క, అరవని ట్రిప్పు లెక్క పక్కపక్కన పెట్టాను. పెద్ద సారు తన వంతుగా ఒక పేజీ చేర్చాడు. అందులో ఏముందో నాకు చూపించలేదు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. కండక్టరు ఎలాగూ ఉండాలంటే పెట్టెల ఖర్చు గిట్టదని మా ఊళ్లో కార్డు పథకం ఆపేశారు. పెట్టెలు విప్పి తీసుకుపోయారు. కార్డుల్లో మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చారు. కండక్టర్లను కదల్చలేదు. పెట్టెలు విప్పిన రోజు నాకు కొంచెం బాధ కలిగింది, దాచను. నర్సమ్మవ్వ అయితే కార్డు వాపసు ఇవ్వనని ఒక పూట పోట్లాడింది.

ఆ తర్వాత ఉద్యోగం ముగిసేలోపు ఇలాంటి ప్రయోగాలు మరో రెండు నా చేతుల మీదుగా జరిగాయి. రెండింటిలోనూ మొదటి రోజే ఒక పని చేశాను. యంత్రం పక్కన నిలబడ్డ మనిషి ఎవరో, ఏం చేస్తున్నారో రాసుకున్నాను. వాళ్లను ఒక ట్రిప్పు దించేసి చూశాను. ఆ ట్రిప్పు చూడకుండా ఏ యంత్రం బాగా పనిచేస్తోందనీ సంతకం పెట్టలేదు.