బాబా తుపాకీ, నా మట్టి బేరం

మొన్న రంజాన్ నెలలో ఒక సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకు పేల్చే ఫిరంగిని చూడటానికి జనం గుమిగూడిన చోట నేనూ కాసేపు నిలబడ్డాను. మోత సంగతి అటుంచండి, ఆ తర్వాత గాలిలో మెల్లగా దిగివచ్చిన మందు వాసన, అచ్చం దీపావళి మర్నాటి వీధి వాసన, ముక్కుకు తగలగానే నా కాళ్ళు కదలనన్నాయి. ఈ ముసలాయనకేమైందో అనుకున్నాడేమో, పక్కనున్న ఒకాయన నా చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టి పోయాడు.

నాలాగే మీసాలు సరిగా రాకముందే విమానమెక్కి, ఈ ఎండల్లో తల నెరిపించుకున్నవాళ్ళకు ఈ సంగతి చెప్పుకోవాలనిపిస్తోంది. కోరుట్లలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి నేను. నాన్నది కొట్టు, పెదనాన్నది కొట్టు, మేనమామలదీ కొట్లే. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చేది. ఆ ఒక్క విద్య చూసే మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, నన్ను మీనా సల్మాన్ ఓడరేవులోని తన గోదాములో సామాను కొనే పనికి పెట్టుకున్నాడు. నేనేదో పెద్ద వ్యాపారినైనట్టు పనివాళ్ళముండే క్యాంపులో మెడ నిక్కించుకుని తిరిగేవాణ్ణి.

కఫీల్ తండ్రిని మేమంతా బాబా అనేవాళ్ళం. ఊరికి దూరంగా సఖీర్ వైపు ఆయనకొక తోట ఇల్లుండేది, దాని పెరడు దాటితే ఇక కంటికి అడ్డులేని ఎడారే. ఆయన దగ్గర తండ్రినాటి తుపాకీ ఒకటుండేది, కాగితాలన్నీ సరిగా ఉన్నదే. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దట్టించే పాతకాలపుది. దానితో రెండు వందల మీటర్ల దూరాన గురి కొట్టేవాడట వాళ్ళ నాన్న. బాబా మాత్రం జీవితంలో ఒక్కసారీ కొట్టలేకపోయాడు. అప్పటికే ఆయన ఒక కన్ను పోయింది, రెండోదాని వెలుగు వారం వారం తగ్గుతోందని వైద్యులు చెప్పేశారు. ఒకరోజు నన్ను పిలిచి, తనకొచ్చిన హిందీలో, పెరట్లో గురి చూసుకునే చోటు తయారు చెయ్యమనీ, జల్దీ చెయ్యమనీ అడిగాడు.

నాకప్పగించిన పని నాకంతకుముందు తెలియనిదైనా ముచ్చటగా చేశాను. మరమ్మతు షెడ్డులో పాత ఓడ రేకు గుండ్రంగా కోయించి, తెల్లరంగు పూయించి, గుండు తగిలితే ఖంగుమనేలా గొలుసులతో వేలాడదీయించాను. తుపాకీ ఆనించడానికి బల్ల మీద ఇసుక సంచులు పెట్టించాను, గాలి ఎటు వీస్తుందో తెలిసేలా గుండు పోయే దారి పొడవునా కర్రలకు గుడ్డపీలికలు కట్టించాను. ఇక మిగిలింది రేకు వెనక గుండును ఆపే మట్టికట్ట. అక్కడి నేలంతా రాళ్ళు, రాయికి తగిలిన గుండు ఎటైనా ఎగురుతుంది కనుక రాయి లేని మట్టి బయటినుంచి తేవాలి. టిప్పరూ, మట్టి ఎత్తే యంత్రమూ ఉన్న పఠాన్ ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ధర చెప్పాడు. నేను నవ్వి, అందులో సగం చెప్పి, వెనక్కి తిరిగి నడిచాను.

అవసరం బయటపెట్టినవాడు బేరంలో సగం ఓడినట్టేనని మా నాన్న అనేవాడు. నాలుగడుగులు నడిస్తే అమ్మేవాడే వెనక్కి పిలుస్తాడన్నది మా కొట్టు వేదం. పఠాన్ పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. ఒక వారం, రెండు వారాలు, నెల. క్యాంపులో నా పక్క మంచం మనిషి, ఆర్మూరువాడు, వరసకు బావ అని పిలుచుకునేవాణ్ణి, కడుపు పట్టుకుని నవ్వేవాడు. గల్ఫులో ఏ దేశమైనా వాడికి దుబాయే.

"ఏం సేటూ, మట్టికి గూడ బేరమా? ఈ దుబాయిల మట్టి తప్ప ఇంకేమున్నదిరా!"

"నువ్వు జూడు బావా, వాడే ఫోన్ చేస్తడు."

బాబా మట్టి వచ్చిందా అని అడిగినప్పుడల్లా, ఇంకొక్క వారం బాబా, వాడు దిగివస్తాడు అనేవాణ్ణి. ఆయన సరేనని తలూపేవాడు. డబ్బు ఆయనది, తగ్గించమని ఆయన ఒక్కనాడూ అనలేదు. ఆయన జల్దీ అన్న మాట నా చెవికి కొనేవాడి బలహీనతగా వినిపించింది తప్ప, ఒక మనిషి కంటి వెలుగుగా వినిపించలేదు.

చివరికి పఠాన్ ఫోన్ చేశాడు, నేనన్న ధరకే ఒప్పుకున్నాడు. ఆ రోజు క్యాంపులో అందరికీ చాయ్ తాగించాను, సిగ్గులేని వెధవను.

కట్ట పోసిన మర్నాడు పొద్దున్నే బాబాను కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, తమాషా చూద్దామని మా బావా నా వెంట వచ్చాడు. ఎండ పడి రేకు వెన్నముద్దలా మెరుస్తోంది. బాబా బల్ల ముందు కూర్చుని చాలాసేపు అటే చూసి, రేకు ఇంకా కట్టలేదా అని అడిగాడు.

కొడుకే తుపాకీని సంచుల మీద సరిచేసి, గురి కుదిర్చి, తండ్రి వేలును మీట మీద పెట్టాడు. మోత, పొగ. పొగ తేలిపోయేదాకా అందరం ఖంగుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించాం. రాలేదు. దూరంగా కట్ట మీద కాస్త ధూళి లేచింది.

"ఎక్కడ పడింది?"

"మట్టిలో, బాబా," అన్నాను.

ఆయన కోప్పడలేదు. నా వైపనుకుని మా బావ వైపు తిరిగి నవ్వుతూ, నన్ను సంతోషపెట్టడానికే కాబోలు, పఠాన్ ఆఖరికి ఎంతకు దిగాడని అడిగాడు. అన్నాళ్ళూ ఆ అంకెను నాలుక చివర పెట్టుకుని తిరిగినవాణ్ణి, వంగి తుపాకీ కింది ఇసుక సంచి సర్దసాగాను. ఆయనే "ఖలాస్", ఇక చాలు, అని లేచాడు. ఆ తర్వాత తుపాకీ బయటికి రాలేదు, రెండేళ్ళకు బాబా పోయాడు.

ఆ పెరడున్న చోట ఇప్పుడు వరసగా ఇళ్ళు లేచాయి. దుకాణాల్లో ప్రతి వస్తువుకూ ధర చీటీ అంటించి ఉంటుంది, ఈకాలం పిల్లలు ఫోన్లో వేలు తాకించి కొనేస్తారు, ఎవరూ ఎవరి ముందునుంచీ లేచి నడిచిపోరు. ఎక్కడైనా పాత బజారులో ఇంకా బేరమాడే మనిషి తగిలినా, నేను మొదటి ధరకే ఊ అనేస్తాను. అతను తెల్లబోయి చూస్తుంటే, జల్దీ ఇవ్వు భాయ్ అంటాను. నిజానికి నాకిప్పుడు ఏ తొందరా లేదు. తొందర ఉన్న మనిషి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది.